తరవాణి కుండ, జపాన్ ఈస్టు

మన బ్లాగులో ఇంతవరకు వచ్చినవన్నీ తాతయ్యలు ఊరు వదిలి వచ్చిన కథలు, కాలువ నీళ్ళ తగాదాలు, పాత పెళ్ళి ఫోటోలు. నేను రాయబోయేది మద్యం గురించి. పెద్దవాళ్ళు కంగారు పడొద్దు. జపాన్‌లో బియ్యంతో చేసే సాకే ఉంది కదా, దాన్ని పులియబెట్టే ఈస్టు గురించి. ఏడు నెలల్లో నేను తాగింది మొత్తం కలిపితే రెండు చిన్న గిన్నెలు. అమ్మకి తెలుసు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. క్యాంపు నుంచి సైకిల్ మీద పక్క ఊరి సర్కారు బడికి వెళ్ళేదాన్ని. తెలుగు ఇంట్లో మాట్లాడటమే, చదవడం ఇరవై దాటాక బాబాయి దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అందుకని రాతలో మాట, మాటలో రాత కలిసిపోతుంటాయి. తప్పులు బాబాయి దిద్దాడు, మిగిలినవి నావి.

తరవాణి తెలియని పిల్లల కోసం: అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన కుడితి ఒక మట్టికుండలో పోసి పులియనిస్తారు. పొద్దున్నే ఆ పుల్లటి నీళ్ళు కొంచెం చద్దన్నంలో వంచుకుని, ఉల్లిపాయ, ఆవకాయ బద్దతో తింటారు. వంచుకున్నంత మళ్ళీ తాజా గంజి పోయాలి. కుండ ఎప్పుడూ ఖాళీ కాకూడదు. గోదావరి నుంచి సింధనూరు దగ్గరికి తాతయ్యావాళ్ళు తుంగభద్ర నీళ్ళని నమ్ముకుని వచ్చినప్పుడు నాయనమ్మ ఒక ఇత్తడి చెంబులో తరవాణి పోసి, మూతికి గుడ్డ కట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. క్యాంపులో అప్పటికి ఇళ్ళు లేవు, గుడిసెలు. ఆ తర్వాత కుండలు పగిలాయి, మారాయి. లోపలి పులుపు మాత్రం అదే అని ఆవిడ నమ్మకం. పెరుగు తోడుకీ అదే పట్టింపు. (మేము ఇంట్లో తోడు అంటాం, బళ్ళో హెప్పు. చిన్నప్పుడు అవి రెండు వేరే వస్తువులనుకునేదాన్ని.)

ఇప్పుడు నా తప్పు. నాయనమ్మ మంచం పట్టినప్పుడు నేను క్యాంపు ఇంట్లోనే ఉండి పనిచేస్తున్నాను. అమ్మ ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతోంది. "కుండ నువ్వు చూసుకోవే" అంది నాయనమ్మ. చూసుకున్నాను కూడా, మూడు వారాలు. నాలుగో వారం మా ఆఫీసులో రిలీజ్. తెల్లవారుజాము దాకా కూర్చుని, పొద్దున పడుకుని లేచేదాన్ని. పది రోజుల తర్వాత గుర్తొచ్చి మూత తీస్తే నీళ్ళ మీద నల్లటి బూజు దుప్పటిలా కట్టుకుని ఉంది. వాసనకి కళ్ళు మండాయి. అమ్మ ఏమీ అనకుండా పెరట్లోకి తీసుకెళ్ళి ఒంపేసింది. ఆ సాయంత్రం నాయనమ్మ "కుండ ఎలా ఉంది?" అని అడిగితే "ఉంది నాయనమ్మా, బాగానే పులుస్తోంది" అన్నాను. పద్దెనిమిది రోజులకి ఆవిడ పోయింది. ఈ మాట ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీ అందరికీ తెలిసింది.

రెండేళ్ళ తర్వాత ఆఫీసువాళ్ళు నన్ను కోబె పంపారు. అక్కడ మా టీమ్‌లో జపానీ ఆయన ఒకరు, వయసు యాభై దాటి ఉంటుంది. చదివింది సూక్ష్మజీవశాస్త్రం, చేసేది నాలాగే టెస్టింగ్. చదువుకునే రోజుల్లో సాకే ఈస్టుల సంకరం మీద పనిచేశారు. ఒక ఆదివారం నన్నూ ఇంకో ఇద్దరినీ హాన్షిన్ రైల్లో ఉవొజాకికి తీసుకెళ్ళారు. కోబె తూర్పున నదా అనే ప్రాంతమంతా సాకే చేసే కొట్లే. 1995 జనవరి 17 భూకంపంలో పాత చెక్క కట్టడాలు చాలా కూలిపోయాయి, ఇప్పుడు ఎక్కువ కాంక్రీటు. మేము చూసిన చోటు సకురామసమునే వాళ్ళది. సాకే లోకంలో ఈస్టులకి నంబర్లుంటాయి. ఒకటో నంబరు 1906లో వీళ్ళ కొట్టులోంచే తీశారు.

అంతకుముందు ఎవరి కొట్టులో గోడలకి, చెక్క తొట్లకి పట్టుకుని ఏ ఈస్టు ఉంటే అదే దిక్కు. బాగుంటే దేవుడి దయ, చెడిపోతే ఆ ఏడాది అప్పు. 1895లో యాబె కికుజి అనే శాస్త్రవేత్త సాకే ఈస్టుని మొదటిసారి విడిగా తీశాడు. తర్వాత జపాన్ బ్రూయింగ్ సొసైటీ మంచి సాకే వచ్చే కొట్ల నుంచి ఈస్టు తీసి, శుద్ధి చేసి, నంబరు వేసి, అడిగిన వాళ్ళకి అమ్మడం మొదలుపెట్టింది. 6వ నంబరు అకిటాలోని అరమసా కొట్టుది, 1930లో తీశారు. 7వది నాగనోలో సువా ఊరి మాసుమి వాళ్ళది, 1946. 9 కుమమోతో నుంచి వచ్చింది. ఆయన ఇవన్నీ మన వాళ్ళు చుట్టరికాలు చెప్పినట్టు చెప్పుకుపోతుంటే నాకు క్యాంపులో పెళ్ళిపందిరి గుర్తొచ్చింది.

పులియడం ఎలాగో కొంచెం చెప్పాలి. ద్రాక్షలో తీపి ముందే ఉంటుంది, ఈస్టు నేరుగా తింటుంది. బియ్యంలో ఉండేది పిండి, ఈస్టుకి అది అరగదు. అందుకని ఉడికిన బియ్యం మీద కోజి అనే బూజు పెంచుతారు. బూజు పిండిని చక్కెర చేస్తుంటే, అదే తొట్టిలో అదే సమయంలో ఈస్టు ఆ చక్కెరని సారాయం చేస్తుంది. ఇద్దరూ పక్కపక్కన పనిచేస్తారు కాబట్టి తీపి ఒక్కసారిగా పేరుకుపోయి ఈస్టుని ఉక్కిరిబిక్కిరి చెయ్యదు. అలా నీళ్ళు కలపని సాకేలో సారాయం ఇరవై శాతం దాకా వెళ్తుంది. (కన్నడ సైన్సు పుస్తకంలో కిణ్వ అంటే ఎంజైమ్. తెలుగులో కిణ్వనం అంటే పులియడం. నేను కోజి గురించి బాబాయికి ఫోన్లో చెప్పబోయి ఈ రెండింటి మధ్య చాలాసేపు కొట్టుకున్నాను.)

పాత పద్ధతిలో ఈస్టు కంటే ముందు లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియాని రానిస్తారు. అవి పులుపు చేసి, పనికిరాని జీవుల్ని తరిమేస్తాయి. ఆ పులుపుని తట్టుకోగల ఈస్టు వెనకాల వస్తుంది. అది విని నేను అక్కడే నిలబడిపోయాను. బియ్యం నీళ్ళు, పులుపు, మూతకి గుడ్డ. మన తరవాణిది కూడా లాక్టిక్ ఆమ్లం పులుపే. మనం ఆ మెట్టు దగ్గర ఆగి అన్నంలో పోసుకున్నాం, వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు.

అప్పుడే ఆయన్ని ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. "మంచి వాసన వచ్చే ఈస్టు ఒకటి, బలంగా పులిసే ఈస్టు ఒకటి ఉంటే, రెండూ ఒకే తొట్టిలో పోస్తే సంకరం అయిపోదా?"

ఆయన నవ్వలేదు. "అది కలపడం. సంకరం వేరు" అన్నారు. తర్వాత రైల్లో, కాంటీన్‌లో, మూడు నాలుగు వారాలపాటు విడతలు విడతలుగా నాకు చెప్పింది ఇది.

ఈస్టు ఒంటి కణం. తిండి దొరికినంతకాలం మొగ్గ తొడుగుతుంది, మొగ్గ విడిపోయి ఇంకో కణం అవుతుంది. అచ్చం తల్లి నకలు. రెండు ఈస్టుల్ని ఒక తొట్టిలో పోస్తే రెండు కులాలవాళ్ళు ఒకే వీధిలో ఉన్నట్టు ఉంటాయి. ఎవరి పిల్లలు వాళ్ళకే. ఎవరు తొందరగా పెరిగితే కొన్నాళ్ళకి వీధి వాళ్ళది.

సంకరం కావాలంటే ముందు ఈస్టుని ఆకలికి మాడ్చాలి. మంచి తిండి తీసేసి, ఇంచుమించు అసిటేట్ ఒక్కటే ఉన్న పళ్ళెంలో పెడతారు. ఇక బతుకు కష్టం అని తెలిశాక కణం లోపల నాలుగు బీజాలు కడుతుంది. మామూలు కణంలో పదహారు క్రోమోజోములు రెండేసి జతలుగా ఉంటాయి, ఒక్కో బీజంలో ఒక్కో జత, అంటే సగమే. ఆ నాలుగింటిలో రెండు 'ఏ' రకం, రెండు 'ఆల్ఫా' రకం. మగా ఆడా అనుకోవచ్చు గానీ చూపుకి ఏ తేడా లేదు. బీజాల సంచి గోడని ఎంజైముతో కరిగించి, సూక్ష్మదర్శిని కింద వెంట్రుక కంటే సన్నటి గాజు సూదితో ఒక్కొక్క బీజాన్నీ పక్కకి లాగాలి. తర్వాత ఒక ఈస్టు 'ఏ' బీజాన్ని, ఇంకో ఈస్టు 'ఆల్ఫా' బీజం పక్కన పెట్టాలి. రెండూ వాసన లాంటి సంకేతాలు వదులుకుంటాయి. వాసన వచ్చిన వైపు ఒకటి ముక్కు సాగదీస్తుంది, రెండోదీ సాగదీస్తుంది. ముక్కులు తగిలిన చోట గోడ కరిగి ఒకే కణమవుతుంది. ఇటు సగం, అటు సగం. ఈస్టుకి ఇలాంటి జీవితచక్రం ఉందని 1935లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో వింగె అనే ఆయన చూపించాడు. బీరు కంపెనీది ఆ ప్రయోగశాల.

ఆయన సూది పట్టుకున్న రోజుల గురించి చెప్పేటప్పుడు కుడి చెయ్యి గాలిలో కొంచెం వణికేది. ఊపిరి బిగపట్టి పనిచేసేవారట.

ఇంతవరకు పుస్తకంలో దొరుకుతుంది. అసలు చిక్కు ఏమిటంటే, సాకే ఈస్టులు పెళ్ళికి ఒప్పుకోవు. ఎంత మాడ్చినా బీజాలు సరిగా కట్టవు. కట్టినా వాటిలో చాలా బీజాలు మొలకెత్తవు. 7వ నంబరు ఈస్టు జన్యుక్రమం 2011లో ప్రచురించారు. మరుసటి ఏడు జపాన్ శాస్త్రవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. 6, 7, 9, 10 నంబర్లన్నిటిలోనూ రిమ్15 అనే జన్యువు చెడిపోయి ఉంది. ఎంత చెడిందంటే, ఒకే ఒక్క అక్షరం, ఒక 'ఏ', అదనంగా పడింది. అక్కడి నుంచి మిగతా వాక్యమంతా అర్థం లేకుండా పోయింది.

రిమ్15 పని ఏమిటంటే, తిండి తగ్గినప్పుడు కణానికి "ఇక ఆగు, తలుపులు వేసుకో" అని చెప్పడం. అది చెడిపోయిన సాకే ఈస్టుకి ఆగడం తెలియదు. చలిలో, సారాయం గొంతు దాకా వచ్చినా చక్కెర నమిలి సారాయం చేస్తూనే ఉంటుంది. అందుకే అంత బలంగా పులుస్తుంది. కానీ బీజాలు కట్టే పనికి కూడా ఆ జన్యువే కావాలి. కష్టకాలం వచ్చిందని గుర్తుపట్టలేని దానికి బీజం కట్టాలన్న బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది? ఒక అక్షరం తప్పు వాళ్ళకి మంచి సాకే ఇచ్చింది, అదే తప్పు వంశాన్ని మూసేసింది. నేను పదకొండేళ్ళుగా ఇలాంటి తప్పులు వెతికి జీతం తీసుకుంటున్నాను. ఇది నా చేతికి వచ్చి ఉంటే ఏ తరగతి కింద నమోదు చేసేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఐనా వాళ్ళు వదల్లేదు. అరుదుగా కట్టిన బీజాల్నే ఓపిగ్గా ఏరారు. గోడలు కరిగించి కణాలని బలవంతంగా కలిపే పద్ధతి కూడా వాడారు. అలా వచ్చినదాంట్లో 13వ నంబరు ఉంది, 9కీ 10కీ పుట్టింది. 9 సువాసనకి, 10 తక్కువ పులుపుకి పేరు. జాతకాలు చూస్తే ఇంతకంటే మంచి సంబంధం ఉండదు. కానీ 13ని ఇప్పుడు పంచడం లేదు. నాకు ఎందుకో ఆ 13 మీద జాలి. 1801 మాత్రం బాగా నిలబడింది. అది 1601కీ 9కీ పుట్టింది, 2006 నుంచి ఇస్తున్నారు. 1601 కూడా ఒక సంకరమే. (చివర 01 ఉంటే నురగ పొంగని రకం. పాత ఈస్టులు తొట్టి అంచు దాటి పొంగేవి, రాత్రంతా ఒక మనిషి కాపలా ఉండి నురగ అణచాల్సి వచ్చేది.) 1801తో చేసిన సాకేకి ఆపిల్ పండు వాసన. నేను తాగిన రెండు గిన్నెల్లో రెండోది అదే. బియ్యంలోంచి పండు వాసన ఎలా వస్తుందో నా ముక్కు ఒప్పుకోలేదు. మొదటిది 7వ నంబరుతో చేసింది, దాన్ని అన్నం తిన్నట్టు తాగొచ్చు. నన్ను అడిగితే నాకు అదే నచ్చింది.

సంకరం చెయ్యడం ఒక వంతు, పిల్లల్ని పరీక్షించడం తొమ్మిది వంతులు అన్నారు ఆయన. ఒకే తల్లిదండ్రుల బీజాలైనా ఏ రెండూ ఒకలా ఉండవు. ఒక్కో పిల్లకీ చిన్న సీసాలో కొంచెం బియ్యం, కోజి పెట్టి పులియబెట్టాలి. గింజోలాంటి మంచి రకాలు చల్లగా, ఇంచుమించు పది డిగ్రీల దగ్గర, నెల దాకా పులుస్తాయి కాబట్టి ఒక్కో పరీక్షకి ఓపిక కావాలి. వాసన బాగుంటే పులియడం మధ్యలో ఆగిపోతుంది. బాగా పులిస్తే వాసన ఉండదు. రెండూ ఉంటే పులుపు ఎక్కువ. ఒకటి సరిచేస్తే ఇంకోటి విరుగుతుంది, మా రోజువారీ ఆఫీసు అదే. ఆయన రెండేళ్ళు చేసిన పనిలోంచి ఒక్క నంబరు కూడా బయటికి రాలేదట. "అందుకే సాఫ్ట్‌వేర్‌కి వచ్చారా?" అంటే "సాఫ్ట్‌వేర్‌లో జవాబు ఆ సాయంత్రమే తెలుస్తుంది" అన్నారు.

బియ్యం గురించి ఒకటి చెప్పకపోతే మన క్యాంపుల వాళ్ళు నన్ను ఊరుకోరు. సాకేకి పేరున్న యామదానిషికి వరి కూడా సంకరమే, 1923లో హ్యోగోలో యామదాహో మీద ఇంకో రకం పుప్పొడి చల్లి చేశారు, 1936లో పేరు పెట్టారు. సరే అది వాళ్ళది. మనం పండించే సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. దాని తాతముత్తాతల్లో మసూరి ఉంది. ఆ మసూరి తల్లిదండ్రుల్లో ఒకటి తైచుంగ్ 65, జపాన్ వరుల నుంచి తైవాన్‌లో చేసిన రకం. 1950లలో కటక్‌లో మన దేశపు వరులకీ జపాన్ వరులకీ సంకరాలు చేసే పెద్ద పథకం నడిచింది, మసూరి ఆ దారిలో మలేషియాలో తయారై మనకి తిరిగొచ్చింది. అంటే నాయనమ్మ ఆఖరి ముప్ఫై ఏళ్ళు కుండలో పోసిన గంజిలో జపాన్ వాటా కొంచెం ఉంది. ఇది ఆయనకి చెప్తే చాలా సంతోషపడ్డారు, చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

ఆ రోజే కుండ సంగతి కూడా చెప్పేశాను. బూజు, అబద్ధం, అన్నీ. ఇంగ్లీషులో చెప్పడం తేలికైంది, తెలుగులో ఐతే గొంతు పట్టేసేది. ఆయన ఓదార్చలేదు. కాసేపాగి, "మీ నాయనమ్మ ఎవరికైనా పంచారా?" అని అడిగారు. కొట్లలో ఈస్టు చచ్చిపోవడం, కొట్టు కాలిపోవడం కొత్త కాదట. ఒకచోట తీసి పదిచోట్లకి పంచారు కాబట్టి, పుట్టిన కొట్టుకే పోతే ఎక్కడి నుంచైనా తిరిగి తెచ్చుకోవచ్చు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, "మీ చిన్ననాయనమ్మ ఇచ్చుకుని వెళ్ళింది, గంగావతి వైపు క్యాంపుకి, నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు" అంది.

తిరిగి వచ్చాక వెళ్ళాను. చిన్ననాయనమ్మకి ఎనభై దాటాయి, కుండ వంటింటి మూల కుదురు మీద ఉంది. "మీ నాయనమ్మదేనే ఇది" అని, వెంటనే "మా అత్తగారి కుండలో పోసి కలిపాన్లే, సగం మీది, సగం మాది" అంది. సగం సగం కాదని, రెండూ ఒకే వీధిలో ఉండి ఉంటాయని, ఇన్నేళ్ళలో ఎవరిది గెలిచిందో పళ్ళెంలో పెట్టి చూస్తే తప్ప తెలియదని నాకు తెలుసు. ఆవిడకి చెప్పలేదు. స్టీలు కారియరు అడుగు గిన్నెలో పోసి, గుడ్డ కట్టి ఇచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. కారటగి దగ్గర గతుకుల్లో కొంచెం ఒలికి నా చుడీదారంతా పులుపు వాసన, పక్క సీటు ఆవిడ "ఏనమ్మా అదు, మజ్జిగేనా?" అని అడిగింది.

అమ్మ మర్నాడు రుచి చూసి, "పులుపు తక్కువ" అంది. ఇంకో రెండు రోజులాగి చూద్దామంది. కుండ ఇప్పుడు బెంగళూరులో నా ఫ్లాట్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన ఉంది. ఇంకో సీసా డీప్ ఫ్రిజ్‌లో దాచాను, ఇంకోటి తమ్ముడికిచ్చాను. ఫోన్లో రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి 'గంజి' అని అలారం మోగుతుంది, సరిగ్గా టీమ్ మీటింగ్ మధ్యలో. మీలో ఎవరికైనా తరవాణి కావాలంటే ముందు రోజు చెప్పండి, గుడ్డ, గిన్నె మీరే తెచ్చుకోవాలి.